తిరిగి వచ్చిన ఆడపిల్ల
(విశాఖపట్టణమున గ్రామ ప్రతినిధుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో మేము మాట్లాడదలచిన విషయమును విని మిత్రులు కొందరు కొంచెము జంకిరి. పల్లెల నుండి తల్లులు, కోడండ్రు, వయసు మీరిన పెద్దలు వచ్చి కూర్చుండు చోట వ్యభిచారమును గూర్చి ప్రసంగించుట మర్యాదయేనా అని వారి సందేహము. ఆ సందేహము సహజమే. కాని ఈ విషయము పల్లెలో వినబడనిది కాదు. రచ్చబండ మీద వినబడును, చెరువు గట్టున వినబడును, పెండ్లి సంబంధములు చూచునప్పుడు మరింత వినబడును. ఫలానా వారి పిల్ల విశాఖపట్టణము వెళ్లి చెడినదట. ఫలానా వారి కోడలు రాత్రి బస్సు దిగినదట. ఇన్ని మాటలు నడచునప్పుడు మర్యాద అడ్డు రాదు. ఆ పిల్లను తీసికొనిపోయిన వాడెవడు, ఆమెకు వెల కట్టిన వాడెవడు, ఆ వెల చెల్లించిన వాడెవడు అని అడుగబోయినప్పుడే మర్యాద గుర్తుకు వచ్చును. మేము నేడు అడుగబోవునవి ఆ ప్రశ్నలే.

మన పెద్దలు చెప్పెడి సామెత ఒకటి కలదు. ముల్లు వచ్చి ఆకు మీద పడినను, ఆకు వచ్చి ముల్లు మీద పడినను ఆకుకే నష్టమని. ఆడపిల్లకు ఊహ తెలిసినది మొదలు ఈ మాట చెప్పుచుందుము. ఇందు లోకానుభవము లేకపోలేదు. తల్లి భయముతో చెప్పు మాట అది. తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. అయినను ఒక వింత గమనింపుడు. ఆకునకు ఇన్ని జాగ్రత్తలు చెప్పు మనము ముల్లునకు చెప్పవలసిన దానిని గూర్చి తలచుకొననే లేదు. ఆడుదానిని నిందించుటకు మన భాషలో ఎన్ని మాటలున్నవో లెక్కింపబూనినచో ఈ పూట చాలదు. ఆమె వద్దకు పోయిన పురుషునకు మాత్రము వార్తాపత్రికల వారు 'విటుడు' అను కావ్యముల నాటి మాటను వాడుచుందురు. ఆ మాటలో తిట్టు లేదు. చెవికి ఇంపుగానే యుండును.

ఈ నగరమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. 1901 నాటికి విశాఖపట్టణము సుమారు 40 వేల జనముగల చిన్న పట్టణము. 1933లో ఓడరేవు తెరువబడినది. 1941లో ఓడల నిర్మాణశాలకు బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసిరి. అక్కడ తయారైన 'జల ఉష' అను ఓడను 1948లో పండిత నెహ్రూ నీటిలోనికి విడిచిరి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనసంఖ్య 17 లక్షలు దాటినది. ఈ రేవును త్రవ్వినవారు, ఈ కొలిమిని వెలిగించినవారు ఎక్కువగా మీ పల్లెలవారే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండి, పొరుగుననున్న ఒడిశా నుండి వచ్చినవారు. వచ్చిన వారిలో పెక్కురు మొదట ఒంటరి మగవారు. ఆలుబిడ్డలను ఊర విడిచి, ఒక్క గదిలో పలువురు సర్దుకొని, ఎవరి పేరు ఎవరికిని తెలియని వీధులలో బ్రతికినవారు. ఇక ఓడ నావికులన్ననో, నెలల తరబడి సముద్రము మీద నుండి జీతపు డబ్బుతో రేవున దిగువారు. ఒంటరితనము, చేతిలో రొక్కము, తెలిసినవారు లేని వీధి, ఈ మూడును కూడిన చోట ఆడుదానిని సరుకుగా తెచ్చి అమ్మువాడు ప్రపంచములోని రేవు పట్టణములన్నింట కనబడినాడు, ఇక్కడను కనబడినాడు. ఇందు విశాఖకు ప్రత్యేకమైన అపకీర్తి ఏమియు లేదు. రేవును గాని, చెమటోడ్చు కార్మికుని గాని నిందించుట మా యుద్దేశము కాదు. వారిలో అధికసంఖ్యాకులు నెల తిరుగగానే ఇంటికి డబ్బు పంపుకొను సంసారులు.

ఇక్కడ ఒక భేదము చెప్పవలసియున్నది. ముంబయిలో కామాఠీపురా, కలకత్తాలో సోనాగాచీ అను పేటలు ఈ వ్యాపారమునకే పేరుపడినవి. మన తీరమున అట్టి పెద్ద పేటలు అరుదు. ఇక్కడ ఈ వ్యాపారము ఎక్కువగా చెదరియుండును. లాడ్జీలలో, అద్దె యిండ్లలో, రహదారుల ప్రక్కన, ఇటీవల చేతిలోని ఫోను మీదనే నడచుచున్నది. పేట లేదు గనుక మనకు ఆ బెడద లేదని తలపోయుదుము. నిజమునకు కనబడనిదే ఎక్కువ చిక్కు. పేటలో నున్న స్త్రీకి ఇరుగుపొరుగున తనవంటివారు నలుగురుందురు. అద్దె గదిలో తాళము వేయబడిన పిల్ల యెక్కడ నున్నదో ఆ మేడ క్రింది కిరాణా దుకాణము వానికి గూడ తెలియదు.

అసలు పిల్ల ఎట్లు పోవును? చలనచిత్రములలో చూపునట్లు నోరు నొక్కి కారులో వేసికొనిపోవుట ఎక్కడనో జరుగును. తరచుగా జరుగునది అది కాదు. వచ్చువారు తెలిసినవారు. మేనమామకు స్నేహితుడు, వరుసకు పిన్ని, ఊరిలోనే పుట్టి పట్టణమున స్థిరపడిన అక్క. "బట్టల దుకాణములో పని, తిండి వసతి వారివే, నెలకింత జీతము" అందురు. కొన్ని తావుల కట్నము లేని పెండ్లి అందురు. మన్యపు గూడెములలో చదువు చెప్పించెదమందురు. పంట పోయి అప్పుపడిన ఇల్లు, త్రాగుబోతు భర్త వదలిన ఇల్లాలు, తల్లి లేని పిల్ల, ఇట్టి గడపలు వారికి మన కంటె బాగుగా తెలియును. ముందుగా తండ్రి చేతిలో కొంత బయానా పెట్టుదురు. అది మొదటి సంకెల. తరువాత ప్రయాణపు ఖర్చు, బట్టలు, గది అద్దె, తిండి, మందులు అన్నియు ఆమె పేర అప్పుగా వ్రాయుదురు. ఆ పద్దు తీరదు, తీరకుండునట్లే వ్రాయబడును. పాలేరు అప్పు ఎట్టిదో తాతల నాటి నుండి ఎరిగిన పల్లెవారికి ఈ లెక్క మేము వేరుగా వివరింపనక్కరలేదు.

ఈ పనిలో నున్నవారందరును మోసపోయి వచ్చినవారే యనుట కూడ సత్యము కాదు. భర్త విడిచిపోగా, కూలి డబ్బు బిడ్డలకు చాలక, తెలిసియే ఈ దారి పట్టిన వయోజన స్త్రీలు కలరు. వారు మన జాలిని అడుగరు. పోలీసు దెబ్బలు, రౌడీల వసూళ్లు ఆగవలెనని, బిడ్డను బడిలో ఏమియు అనకుండ చేర్చుకొనవలెనని అడుగుదురు. వారి మాట వినకయే వారిని ఉద్ధరింపబూనుట మన దేశమున పాత అలవాటు. దాని సంగతి కొంచెము తరువాత చెప్పెదము.

ముందు మన జిల్లాకే చెందిన ఒక లెక్కను మీకు వినిపింపవలెను. 19వ శతాబ్ది చివర విజయనగరపు మహారాజు ఆనంద గజపతి గారు నాటి విశాఖపట్టణము జిల్లాలో కన్యాశుల్కము పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహముల జాబితా వ్రాయించిరి. ఆ వివరములను గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము' నాటకపు తొలి కూర్పు పీఠికలో ప్రకటించిరి. 3 సంవత్సరములలో 1,034 వివాహములు. పెండ్లికూతుండ్రలో 5 ఏండ్లవారు 99 మంది. 4 ఏండ్లవారు 44 మంది. 3 ఏండ్లవారు 36 మంది. 2 ఏండ్లవారు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 రూపాయల నుండి 400 రూపాయల వరకు పలికినది.

ఈ అంకెలను మేము ఎన్నిసార్లు చదివినను ఆ చివరి ముగ్గురి వద్ద ఆగిపోవుదుము. నాటి 400 రూపాయలు చిన్న సొమ్ము కాదు. తండ్రి పుచ్చుకొనెను, వరుడు ఇచ్చెను, పురోహితుడు మంత్రము చెప్పెను, ఊరు భోజనము చేసెను. వారిలో ఎవరిని గూడ సంఘము వెలివేయలేదు. ఆ విందు ముగిసిన పందిటిలోనే భోగము మేళము ఆడిన స్త్రీని మాత్రము అదే సంఘము పతిత యన్నది. ఆడపిల్లకు వెల కట్టుట పాపమని నాటి పెద్దలు భావించిరని చెప్పుటకు వీలు లేదు. ఆ వెల ఎవరి చేతిలో పడినది, ఆమె పేరు ఏ పద్దులో వ్రాయబడినది అను దానిని బట్టి ఒకతె గృహిణి యైనది, మరియొకతె వేశ్య యైనది.

ఆ నాటకములోని మధురవాణిని మీలో పలువురు రంగస్థలము మీద చూచియుందురు. వృద్ధుడైన లుబ్ధావధానులు చేతిలో పసిపిల్ల సుబ్బి పడకుండ తప్పించు పనికి తోడ్పడినది ఆ వేశ్యయే. కథ తుదకు విశాఖపట్టణమునకు వచ్చును, సౌజన్యారావు పంతులు గారి యింటికి. ఆయన వకీలు, సజ్జనుడు, సంస్కారి. వేశ్యల మొగము చూడరాదని నియమము గలవాడు. లుబ్ధావధానుల మీద పడిన హత్యానేరమును తొలగింపగల సత్యము మధురవాణికి తెలియును. దానిని చెప్పుటకు ఆమె మగవేషము వేసికొని ఆ యింటికి పోవలసి వచ్చినది. ప్రేక్షకులు ఆ వేషమునకు నవ్వుదురు, మేమును నవ్వితిమి. కాని ఆలోచించినకొలది ఆ వేషమే నాటకమున అన్నింటి కంటె గంభీరమైన విషయముగా తోచును. నిరపరాధిని రక్షింపవచ్చిన స్త్రీకి మంచివాని గడప మూసియున్నది. పరుల ఇండ్లు చెరచిన గిరీశము, గుట్టు బయటపడువరకు, తన సొంత వేషముతోనే ఆ యింట మర్యాదలందుకొనినాడు. గురజాడ వారు ఆ మంచివానిని దుష్టునిగా చూపలేదు. మంచివారి నియమములు గూడ తలుపులు మూయగలవని చూపిరి.

ఆ నియమము నాటకము కొరకు కల్పించినది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులు గారు, రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు భోగము మేళములను మాన్పుటకు గట్టిగా పాటుపడిన కాలమది. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు వైస్రాయికిని, గవర్నరుకును విజ్ఞప్తి పంపి, మేళములుండు విందులకు తాము రామని ప్రకటింపుడని కోరిరి. ఆ దొరలు అందుకు ఒప్పుకొనలేదు. సంస్కర్తల ఆశయము గొప్పది. ధనవంతుల విలాసమునకై ఒక కులపు ఆడపిల్లలను తరతరములుగా కేటాయించి యుంచుట ఆగవలసినదే. కాని మేళము మానిన స్త్రీ ఏమి తిని బ్రతుకవలెను అను ప్రశ్నకు సమాధానము చాలకాలము వెనుకబడినది.

ఆ ప్రశ్నను పట్టుకొనిన వారిలో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు ముఖ్యులు. 1927లో ఆమె మద్రాసు శాసనమండలిలో దేవదాసీ విధానమునకు ముగింపు పలుకవలెనని తీర్మానము తెచ్చిరి. 1929లో వచ్చిన చట్టసవరణ వలన, గుడి సేవకై ఇనాము భూమి ననుభవించు స్త్రీ ఆ సేవను మానినను భూమి ఆమెకే దక్కు ఏర్పాటు కలిగినది. ఎంత తెలివైన పని! 'ఆ పని మానుము' అని ఊరక చెప్పలేదు, కూటికి దారి చూపి చెప్పిరి. ఆ పిల్లలకు నిలువ నీడ లేకపోగా 1930లో మద్రాసున అవ్వై గృహమును తెరచిరి. అయితే, బెంగుళూరు నాగరత్నమ్మ గారు మొదలైన దేవదాసీలు ఆ బిల్లును వ్యతిరేకించి, తమలో విద్వాంసులు, దాతలు నున్నారని, అందరిని ఒక్క గాట కట్టి నీచముగా చూపవలదని విజ్ఞప్తి చేసిరి. మేము ముత్తులక్ష్మి గారి పక్షమే వహింతుము. అయినను నాగరత్నమ్మ గారి మాటలోని నొప్పిని త్రోసిపుచ్చలేము. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీలుగా అర్పించుట నిషిద్ధమైనది. తెలంగాణ పల్లెలలో జోగినీల పేర అదే ఆచారము ఆ తరువాతను నిలిచినది. దాని కొరకు 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వేరొక చట్టము చేసినది. మహాకవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు నిజామాబాదు ప్రాంతపు జోగినీల మధ్య ఏండ్ల తరబడి పనిచేసిరి. చట్టము వచ్చిన మరునాడే ఆచారము పోలేదు. ఊరి పెద్దలకు అది సుఖముగా నుండుటయే అందుకు కారణము. దేవత పేరు మీద నెపము మాత్రమే.

ఇప్పుడు ఒక పండ్రెండేండ్ల పిల్ల కథ చెప్పవలెను. 1921 ఏప్రిలులో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చిరి. ఊరిలోని దేవదాసీలు, ఘోషాలోని ముస్లిం స్త్రీలు ఆయన మాట వినవలెనని దుర్గాబాయి అను బాలికకు తోచినది. పెద్దలను అడుగగా, మహాత్మునకు 5,000 రూపాయల నిధి సమర్పించినచో కొన్ని నిమిషములు ఇప్పింతుమనిరి. పిల్లకు ఆ మొత్తము దొరకదని వారి ధైర్యము కాబోలు! ఆ బాలిక దేవదాసీల కడకే పోయినది. వారు ఆ డబ్బు కూర్చి యిచ్చిరి. సభ జరిగినది, గాంధీజీ అనుకొన్న దానికంటె ఎక్కువ సేపు మాట్లాడిరి, స్త్రీలు గాజులు, గొలుసులు ఊడదీసి ముందు పెట్టిరి. ఈ సంగతి ఆమె పెద్దయైన పిమ్మట స్వీయచరిత్రలో వ్రాసికొనిరి. గాంధీజీ సైతము ఆ యేడు తమ పత్రికలో, ఇట్టి స్త్రీలను తాము తొలుత కలిసికొనినది కాకినాడలోనేయని, వారి స్థితికి సిగ్గుపడవలసినవారు పురుషులని వ్రాసిరి. ఆ బాలికయే దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో కేంద్ర సంఘ సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ మండలి 1954లో ధన్వంతి రామారావు గారి అధ్యక్షతన నియమించిన సంఘము దేశమంతటి పరిస్థితిని విచారించినది. 1956లో పార్లమెంటు వ్యభిచార వ్యాపార నిరోధ చట్టము చేసినది; అది 1958 మే 1 నుండి అమలులోనికి వచ్చినది. మనుష్యులను క్రయవిక్రయము చేయరాదని రాజ్యాంగము 23వ అధికరణము ముందే శాసించియుండెను.

ఆ చట్టమును గూర్చి పల్లెలలోను, పట్టణములలోను ఒక తప్పు తలంపు వ్యాపించియున్నది. వయసు వచ్చిన స్త్రీ తన యిష్టముతో ఒంటరిగా చేయు వ్యభిచారమును ఆ చట్టము స్వతఃగా నేరమనలేదు. అందుకై గృహము నడపుట, తార్చుట, ఆమె సంపాదనపై బ్రతుకుట, బహిరంగ స్థలములలో పిలుచుట, ఇవి నేరములు. 1986లో చట్టము సవరింపబడి నేటి పేరు వచ్చినది. అందలి 8వ సెక్షను చూడుడు. బహిరంగముగా పిలిచిన స్త్రీకి మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. అదే తప్పు పురుషుడు చేసినచో 7 దినములకు తగ్గక 3 నెలల వరకు జైలు. ఆకునకు 6 నెలలు, ముల్లునకు 3 నెలలు! శాసనకర్తలు ఆ సామెత విని వ్రాసిరా యని మాకు కొన్నిమార్లు అనుమానము కలుగును. ఆ జరిమానాను ఎవరు కట్టుదురో గూడ తెలియవలెను. దళారి కట్టి, మరునాడు ఆమె పద్దులో చేర్చును.

తరువాత చట్టము కొంత మారినది. 18 ఏండ్లు నిండని పిల్ల విషయమున సమ్మతి యను మాటయే చెల్లదు. 2012 నాటి పోక్సో చట్టము అందుకే. 2013లో నేరశాసనము సవరింపబడి, మోసముతోనో బలిమితోనో తెచ్చినవానికే గాక, అట్లు తేబడినదని తెలిసియు, లేదా తెలియదగిన కారణముండియు, ఆమెను వాడుకొన్నవానికి గూడ శిక్ష ఏర్పడినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇవి 143, 144 సెక్షనులు. తెచ్చి అమ్మిన వానికి 7 సంవత్సరములకు తగ్గని కఠిన శిక్ష. తెలిసి వాడుకొన్న వానికి కనీసము 3 సంవత్సరములు, ఆమె బాలిక యైనచో కనీసము 5 సంవత్సరములు. 'మాకు సంబంధము లేదు, డబ్బిచ్చి వచ్చితిమి' అను మాట ఇక చెల్లదు. పల్లె యువకులకు ఈ సంగతి ఎవరును చెప్పుటలేదు. మీరు చెప్పవలెనని మా కోరిక.

1999లో కలకత్తాలో హత్యకు గురియైన ఒక స్త్రీ కేసు సుప్రీము కోర్టు వరకు పోయినది. ఆమె వేశ్య యైనంత మాత్రమున ఆమె ప్రాణము తక్కువ కాదని 2011లో న్యాయమూర్తులు తీర్పు చెప్పి, అంతటితో విడువక ఇట్టి స్త్రీల స్థితిగతులను విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. 2022 మే 19న ఆ న్యాయస్థానమే పోలీసులకు కొన్ని ఆదేశము లిచ్చినది. ఇష్టముతో ఈ పనిలో నున్న వయోజన స్త్రీలను దాడుల సమయమున పట్టుకొని వేధింపరాదు. దౌర్జన్యమునకు గురియై వచ్చి ఫిర్యాదు చేసినచో ఇతర స్త్రీలకు వలెనే వైద్యము, రక్షణ లభింపవలెను. తల్లి ఈ పనిలో నున్నదను ఒక్క కారణముచే బిడ్డను ఆమె నుండి విడదీయరాదు. పత్రికలు వారి ముఖములను, పేర్లను ప్రకటింపరాదు. ఇష్టము లేకయే సంరక్షణ గృహములలో నుంచబడిన వయోజన స్త్రీల విషయమును విచారించి విడుదల చేయవలెను. ఈ చివరి మాట చదివినప్పుడు మాకు సౌజన్యారావు పంతులు గారు గుర్తుకు వచ్చిరి. రక్షణ పేర వేసిన తాళమైనను తాళమే కదా.

ఇంతవరకు నగరమును, చట్టమును గూర్చి చెప్పితిమి. ఇక మన ఊరి మాట. సంక్రాంతికి, అమ్మవారి తిరునాళ్లకు రికార్డింగు డ్యాన్సులు తెప్పించు ఊళ్లు ఈ తీరమున కొదువ లేవు. పోలీసులు వద్దనుచుందురు, చాటుమాటున జరుగుచునే యుండును. చందా వసూలు చేయువారు ఊరి పెద్దలు. వేదిక మీద ఆడుపిల్ల మీద నోట్లు విసరువారు ఊరి పిల్లలు. అర్ధరాత్రి దాటిన తరువాత బట్టలు విప్పుమని కేకలు వేయువారు మన అన్నదమ్ములు, మన కొడుకులు. తెల్లవారిన పిమ్మట 'సిగ్గుమాలిన ఆడుది' అని ఉమ్మివేయువారును వారే. ఆ పిల్లకు రాత్రి యెంత ముట్టినది, దానిలో దళారికెంత పోయినది అని అడిగినవాడు మాకు ఇంతవరకు తారసపడలేదు. ఒక ఊరిలో ఈ ప్రశ్నను మేమే అడుగగా, చందాల పుస్తకము పట్టుకొన్న పెద్దమనిషి 'లైటింగుకు ఎక్కువైనదండీ' అని మాట మార్చినాడు.

ఇప్పుడు ఒక పిల్లను ఊహింపుడు. పేరు వలదు. 17వ ఏట బట్టల దుకాణపు పని యని వెళ్లినది. రెండేండ్లకు పోలీసులు విడిపింపగా తిరిగి వచ్చినది. తల్లి అక్కున చేర్చుకొనును. ఆమెకు వేరొక తోవ లేదు. తండ్రి వాకిట కూర్చుండి తల యెత్తడు. మూడవ దినమున పెదతండ్రి వచ్చి, 'చిన్నదానికి సంబంధము వచ్చియున్నది, దీనిని కొన్నాళ్లు ఎక్కడికైన పంపుడు' అనును. ఆయన దుర్మార్గుడు కాడు. చెల్లెలి పెండ్లి చెడునను భయము కల్పితమును కాదు, మన పల్లెలలో అట్లు చెడిన సంబంధములను మేమెరుగుదుము. కావున 'భయపడకుడు' అని ఊరక చెప్పిపోవుట మాకిష్టము లేదు. కాని ఆ 'ఎక్కడికైన' అను చోటు ఏది? చుట్టముల యింట రెండు వారములు. పిమ్మట వారును అదే మాట అందురు. ఈ లోపల ఫోను మ్రోగును. దళారికి ఆమె పరిస్థితి మన కంటె ముందుగా తెలియును. 'అక్కడ నిన్నెవరు ఉండనిత్తురు? ఇక్కడకు రమ్ము, ఈసారి లెక్క వేరు' అనును. మొదటిసారి ఆమెను తీసికొనిపోవుటకు వానికి బయానా కావలసివచ్చెను. రెండవసారి ఆ ఖర్చు కూడ లేదు, మన మాటలే ఆ పని చేసిపెట్టినవి.

పెండ్లి సంబంధము చెడునను భయమునకు మందు ఒక్కటే యున్నది. అది ఆ ఇంటివారి చేతిలో లేదు, ఇతర ఇండ్లవారి చేతిలో నున్నది. సంబంధము చూడవచ్చిన వారు ఆరా తీయునది ఇరుగుపొరుగును. అప్పుడు ఇరుగుపొరుగువారు చెప్పెడి మాటను బట్టి ఇద్దరు అక్కచెల్లెండ్ర బ్రతుకు తేలును. మహిళా సంఘములలో పొదుపు లెక్కలు ఎంత గుట్టుగా కాపాడుకొందురో మీకు తెలియును. ఎవరి వాయిదా తప్పినదో బయటి వారికి చెప్పరు. ఆ గుట్టును ఈ పిల్ల విషయమునను పాటించిన చాలును. ఆమెను సంఘములో సభ్యురాలిగా చేర్చుకొని, కుట్టుమిషనుకో గేదెకో అప్పిప్పించినచో మరియు మేలు.

కొన్ని ఉపయోగకరమైన వివరములు చెప్పి విరమింతుము. పిల్ల కనబడకపోయిన దినముననే పోలీసులకు ఫిర్యాదు చేయుడు. పరువు పోవునని వారము రోజులు వేచియుండుట దళారికి ఇచ్చు గడువు. అత్యవసరమునకు 112, స్త్రీల సహాయమునకు 181, పిల్లల విషయమునకు 1098 అను ఫోను నంబరులు కలవు. జిల్లాలోని సఖి కేంద్రమున వైద్యము, వసతి, న్యాయసలహా ఒక్కచోట లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఖర్చు లేకుండ వకీలును ఇచ్చును. నష్టపరిహారమునకు దరఖాస్తును అక్కడనే పెట్టవలెను. విడిపింపబడిన పిల్లను తల్లిదండ్రులకు అప్పగించుటకు ముందు మేజిస్ట్రేటు ఆ ఇంటి పరిస్థితిని విచారింపజేయును. అధికారి వచ్చి అడిగినప్పుడు అవమానముగా భావింపకుడు. అమ్మినవారే ఇంటివారైన సందర్భములు ఉండుట చేతనే చట్టమున ఆ విధి చేర్చిరి.

ఇంకొక చిన్న విషయము. ఇట్టి స్త్రీలకు చిరునామా పత్రములుండవు. అద్దె గదికి రసీదు ఎవడిచ్చును? కరోనా కాలమున, 2020 సెప్టెంబరులో, గుర్తింపు పత్రములు అడుగక వారికి తిండిగింజలు ఇవ్వవలెనని సుప్రీము కోర్టు రాష్ట్రములను ఆదేశించినది. 2022లో, రాష్ట్ర ఎయిడ్సు నియంత్రణ సంస్థ అధికారి ధ్రువపత్రము మీద చిరునామా ఆధారము లేకయే ఆధారు కార్డు ఇవ్వవచ్చునని తేలినది. ఆ కార్డు మీద ఆమె వృత్తి తెలియునట్టి గుర్తు ఏదియు ఉండరాదు. కార్డు చేతికి వచ్చిన పిమ్మట ఆమె మీ ఊరి రేషను దుకాణము ముందు, మీ వరుసలోనే వచ్చి నిలుచును. సంచి పట్టుకొని నిలుచున్న ఆమెను దుకాణదారు అడుగవలసినది వ్రేలిముద్ర. ఇన్నాళ్లు ఎక్కడ ఉంటివి అని కాదు.